తడి కాగితం మీద ఖాజాగూడ

మూడుంబావుకి ఈల.
ఎర్రజెండా కుర్రాడు ఇయర్‌ఫోన్లు తీసి జేబులో వేసుకున్నాడు.
రోడ్డు మీద బండ్లు ఆగాయి. సీసాలో నీళ్ళు తాగుతూ ఒకాయన
పక్కాయన్ని అడిగాడు: ఇంకెంతసేపట?

నేను రేకుల కంచెకి ఇవతల
నాలుగు కాగితాలు పరుచుకుని కూర్చున్నాను,
గంజి రాసి, తడి ఆరకుండా
మీద పాత దుప్పటి కప్పి.

పేలుడు ముందు చెవికి రాలేదు,
అరికాళ్ళకి వచ్చింది.
దుప్పటి లాగేశాను.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు.
ధూళి తన ఇష్టం వచ్చినట్టు దిగుతుంటే
తుమ్ము ఆపుకోవడం, అంతే నా పని.

*

ఇదంతా సఫియా వల్ల.
హబ్సిగూడ ల్యాబులో ఆమె రాళ్ళని
వెంట్రుక కంటే పలచగా అరగదీస్తుంది.
ఒక ఆదివారం నన్ను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి
"పళ్ళెం తిప్పు, మెల్లగా" అంది.
తిప్పాను.
బూడిదరంగు రాయి, మన ఫుట్‌పాత్ అంచు రాయి,
నెమలికంఠమైంది, పసుపైంది,
ఆరిపోయింది, మళ్ళీ వెలిగింది.

"ఇది గడ్డకట్టిన నాడు
రోజుకి ఇరవై గంటలు కూడా లేవు.
చందమామ ఇంకా దగ్గర.
గాల్లో మనం పీల్చదగిందేమీ లేదు."
సఫియా ఇవన్నీ
ఉల్లిగడ్డల ధర చెప్పినట్టు చెబుతుంది.
చందమామలో తెల్లని చోటంతా
ఈ రాయిలో మెరిసే ముక్కకి దూరపు చుట్టమట.
మేనత్త వరస అనుకో, అంది.

మూడు నెలలు ఆ రంగుల వెంట పడ్డాను.
మాసాబ్ ట్యాంక్ కాలేజీలో నేర్చినదంతా వాడాను.
సబ్బుపెట్టెల మీది బొమ్మల్లా వచ్చాయి.
అన్నీ చింపేసి
చివరికి రాయినే అడుగుదామని ఇక్కడికొచ్చాను.

*

ఓర్సు తిరుపతమ్మ కంకరకుప్ప మీద కూర్చుని
నన్నే చూస్తూ టిఫిను డబ్బా విప్పింది.
యాభై ఏళ్ళుంటాయి. ఎడమ బొటనవేలికి గోరు లేదు.
"ఏం పడుతున్నవ్ బిడ్డా, దుమ్మా?"
"దుమ్మే."
"మా ఇంట్ల మస్తుంటది. బట్టలల్ల, బువ్వల, మా ఆయన రొమ్ముల.
పైసలియ్యి, బస్తా నింపిస్త."
నాకు జవాబు దొరకలేదు.
ఆమె నవ్వి, పులుసన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది.

తర్వాత లేచొచ్చి, చేయి కొంగుకి తుడుచుకుని
ఆరుతున్న కాగితాన్ని అడ్డంగా తిప్పింది.
"గిట్ల. రాయి గిటు పారుతది."

పారుతుందా?

పక్కనున్న బండని సుత్తితో తట్టింది.
ఇటొక మోత, అటొక మోత.
"ఇన్నవా? పారే దిక్కుకి కొడితె పెరుగు లెక్క ఇచ్చుకుంటది.
అడ్డం కొడితె ఉలి ఇరుగుతది."

ఆ రాత్రి సఫియాకి ఫోన్ చేశాను.
కాసేపు ఏమీ అనలేదు.
అవును, అంది తర్వాత. కరిగి ఉన్నప్పుడు అది కదిలిన దిక్కు
గింజల్లో ఉండిపోతుంది. మేం దాన్ని కొలుస్తాం.
ఆవిడకెలా తెలుసు?
వింటుంది, అన్నాను.

*

గ్యాలరీ ఫారంలో గడులు:
పేరు, కొలతలు, మాధ్యమం, సంవత్సరం, ధర.

మాధ్యమం దగ్గర గంజి, రాతిధూళి అని రాశాను.
ఓర్సు తిరుపతమ్మ అని రాసి,
కొట్టేసి, మళ్ళీ రాశాను.
సంవత్సరానికి నాలుగంకెల చోటే ఇచ్చారు.
రెండు వందల యాభై కోట్లు రాస్తే
సున్నాలు గడి దాటి
ధర మీద పడతాయి.
బుధవారం, అని రాసి ఊరుకున్నాను.

బొమ్మ ఇంకా ఆగలేదు.
గోడకి ఆనించిన చోట
రోజూ చిటికెడు రాలుతోంది.
ఊడుస్తాను. ఎక్కడ పారబోయాలో తెలియక
ఖాళీ కాఫీ సీసాలో పోస్తున్నాను.